మూలగని ఉక్కు

సత్యవేణి తన ఉక్కును మొదటిసారి పెద్దవాళ్ళ ముందు పెట్టిన రోజున ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఇవ్వడం ఆమెకు రాదు కూడా. బొటనవేలంత లావు కడ్డీని బెంచికి బిగించి, రంపంతో సగం దాకా కోసి, ఆ గాటులో బూడిదరంగు ముద్ద కాస్త మెత్తి, "టీ తాగొద్దాం రండి" అంది.

రోడ్ల శాఖ నుంచి వచ్చిన పెద్ద ఇంజనీరు జోసెఫ్ రత్నం గారికి ఒళ్ళు మండింది. పనులన్నీ మానుకుని విశాఖపట్నం వస్తే టీ తాగమంటుందేమిటి ఈ పిల్ల అనుకున్నాడు. అయినా తాగాడు. తిరిగొచ్చేసరికి కడ్డీకి గాటు లేదు. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. వేలితో రుద్దాడు. గోటితో గీకాడు.

"కడ్డీ మార్చేశారా?" అని అడిగాడు.

"లేదండీ. గాటు పడితే ఆ అంచుల దగ్గర దీనికి ఆకలి పుడుతుంది. పక్కన ఏ లోహం ఉంటే దాన్ని లాక్కుని పూడ్చుకుంటుంది. ఆ ముద్దలో ఉన్నది శుభ్రమైన ఇనుప పొడి. అది దీని మేత."

పక్కన ఏ లోహం ఉంటే దాన్ని. ఈ మాట ఆమె నోటితోనే అందరి ముందూ అంది. అన్న మనిషికీ తట్టలేదు, విన్నవాళ్ళకూ తట్టలేదు.

ఒక్క నరహరి గారు మాత్రం ముఖం చిట్లించుకుని కూర్చున్నాడు. సత్యవేణి పనిచేసే ప్రయోగశాలకు పెద్ద ఆయనే. వంతెనలు ఎందుకు కూలతాయో జీవితమంతా చదివి, ఏ వంతెన ఎక్కినా కిందికి చూస్తూ నడిచే మనిషి. వచ్చినవాళ్ళు వెళ్ళాక సత్యవేణిని పిలిచి కూర్చోబెట్టాడు.

"ఒక మాట అమ్మాయ్. వంతెనకు సరుకు ఎంచుకునేటప్పుడు ఎంత బలమో అడగడం అందరూ చేసే పనే. పోత ఇనుము బలమైంది కాదూ? దానితో కట్టినవి నిన్నటిదాకా నిక్షేపంగా నిలబడి ఇవాళ పుటుక్కుమన్నాయి. మామూలు ఉక్కు అట్లా కాదు. సాగుతుంది, వంగుతుంది, రంగు పెచ్చులు లేస్తుంది, తుప్పు కారుతుంది. పోయే ముందు నాలుగు వీధులకు వినపడేట్టు మూలుగుతుంది. ఆ మూలుగు కోసమే మనవాళ్ళు ఉక్కును ఎంచుకున్నారు. నీది మూలగదు."

"మూలగాల్సిన అవసరం దానికి రాదండీ. జబ్బు పడితే కదా."

ఆయన, ఆ ఉక్కు వంతెనకు పనికొస్తుందన్న కాగితాల మీద సంతకం పెట్టాడు. పెట్టకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది. పెట్టకపోయుంటే జన్మలో ఆయన ముఖం చూసి ఉండేది కాదు, అదీ నిజమే.

మూలుగు మాట వింటే ఆమెకు కోపం రావడానికి కారణం ఉంది. ఆమె పదో తరగతిలో ఉండగా అవతలి గట్టున కాలవ మీది పాత ఇనుప వంతెన కొబ్బరికాయల లారీతో సహా కూలింది. ఆ లారీలో ఆమె మేనమామ ఉన్నాడు. ఆ వంతెన మూలగకుండా ఏమీ కూలలేదు. నెలల తరబడి మూలిగింది. కిర్రు కిర్రుమంటోందేమిటి ఇది అని దాటే ప్రతివాడూ అనుకునేవాడు, అనుకుని దాటేవాడు. ఒక రేకులో వెంట్రుకంత పగులు ఉండేదని కూలాక తేల్చారు. మనుషులు చూడరు, చూసినా పట్టించుకోరు. కాబట్టి మనుషులు చూడక్కర్లేని ఇనుము ఒకటి కావాలని ఆ పిల్ల బుర్రలో పడింది. పెళ్ళీ పేరంటం అన్నీ పక్కన పెట్టి, ఇన్నేళ్ళూ దాని వెంటే పడి సాధించింది. సాధించాక, ఆమె కోరుకున్నట్టే, దాన్ని చూడడం అందరూ మానేశారు.

మొదటి వంతెన ఎక్కడ కడదాం అంటే సత్యవేణి ఇంకో పేరు తలవలేదు. కాకరలంక ఆమె పుట్టిన ఊరు. చుట్టూ గోదావరి పాయలు, మధ్యన అరటితోటలు, కొబ్బరితోటలు, మూడు పేటలు. వరదొస్తే లోకంతో తెగిపోయేది. నొప్పులు పడుతున్న మనిషిని పంటు ఎక్కించి, అవతలి రేవు తగిలేదాకా దణ్ణాలు పెట్టుకుంటూ పోవలసిందే. పంటు అంటే మనుషులనూ బండ్లనూ కలిపి దాటించే పెద్ద ఇంజను బల్లకట్టు. దాన్ని నడిపే సరంగు ఆమె తండ్రి, కొల్లాటి త్రిమూర్తులు.

వంతెన లేచింది. నీలం ఛాయతో, రంగు పూత అక్కర్లేకుండా, వానలో కడిగినకొద్దీ మెరిసే వంతెన. అతుకు ఉన్న ప్రతిచోటా మేత నింపిన డబ్బా బిగించారు. పొడవాటి అడుగు దూలాల మీద మాత్రం పెట్టలేదు. అక్కడ గాట్లు పడే అవకాశం లేదని లెక్క. పేపర్లవాళ్ళు దానికి జీవ ఉక్కు అని పేరు పెట్టారు. లంకలో ఆ పేరు నోరు తిరగక, పేణమున్న ఇనుమంట అనుకున్నారు. ఏటేటా సుత్తి పట్టుకుని దూలాలు తట్టి చూసే మనుషులను పెట్టాల్సిన ఖర్చు కూడా తప్పిందని ప్రభుత్వం సంబరపడింది.

పంటును విడగొట్టి పాత ఇనుము కింద అమ్మేశారు. కూతురి వంతెన తండ్రి పొట్ట కొట్టిందని రేవులో జనం నవ్వుకున్నారు. త్రిమూర్తులూ వాళ్ళతో కలిసి నవ్వాడు. విశాఖ వచ్చి తన దగ్గర ఉండమని సత్యవేణి పోరింది. "అక్కడ సముద్రం ఉంటాదే. ఉప్పు నీళ్ళ మొకం నేను సూడలేను" అని కొట్టిపారేశాడు.

ఊరికే కూర్చునే మనిషి కాదు ఆయన. గోదావరి దాటేవాళ్ళు చేతికందిన నాణెం నీళ్ళలో వేసి దణ్ణం పెట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. ఆ వేసేది రాగిదైతే గోదారమ్మకు ఇష్టమని పెద్దవాళ్ళు అంటారు. ఈ రోజుల్లో రాగి నాణెం ఎవరి దగ్గరుంది? త్రిమూర్తులు రాగి రేకు తెచ్చి, గోరంత గోరంత గుండ్రటి బిళ్ళలు కత్తిరించి, వంతెన మొదట్లో గొడుగు పాతుకుని కూర్చున్నాడు. భార్య పాపాయమ్మ ఒక్కో బిళ్ళకూ పసుపు రాసి పెట్టేది. దాటే బస్సులన్నీ ఆగేవి. పెళ్ళివారి వ్యాన్లు ఆగేవి. సరంగుగా ఉన్నప్పటికంటే ఇప్పుడే హాయిగా ఉందని ఆయన కూతురికి ఫోనులో చెప్పేవాడు. విని ఆమె తేలికపడేది.

వంతెనకు ఆరో ఏడు నడుస్తుండగా, కార్తీకంలో, సత్యవేణి సెలవు పెట్టి ఊరొచ్చింది. పాపాయమ్మ పులస పులుసు లేదని నొచ్చుకుంటూ కొరమేను పులుసు పెట్టింది. భోజనం మధ్యలో త్రిమూర్తులు వ్యాపారం కష్టాలు ఎత్తుకున్నాడు.

"ఈమజ్జిన సరుకు పాడైపోతందే సత్తేణీ."

"రాగి పాడవడమేంటి నాన్నా?"

పాపాయమ్మ మూతి బిగించి నవ్వింది. "ఒక్క బిళ్ళనే పదిసార్లు అమ్మితే పాడవ్వదా మరి? అడుగు మీ నాన్నని, ఏం సేత్తన్నాడో."

"మోసమేం కాదే," అన్నాడు త్రిమూర్తులు. "జనం ఏసిన బిళ్ళల్లో సగం నీళ్ళదాకా పోవు. వంతెన అడుగున దూలాలకి అరుగుల్లాగా ఉంటాయి సూడు, ఆటి మీద పడతాయి. నేను వంతెన పక్కనున్న నడక బల్ల మీంచి దిగి ఏరుకొత్తాను. గోదారమ్మకి సేరందే ఆవిడ సొమ్మెలా అవుద్ది? కడిగి మళ్ళీ అమ్ముతాను. ఇదివరకు బాగానే ఉండేయి. ఇప్పుడు ఇలాగొత్తన్నాయి." లేచి వెళ్ళి డబ్బా తెచ్చి ఆమె కంచం పక్కన బోర్లించాడు.

బిళ్ళలు ఉల్లిపొరలంత పలచగా ఉన్నాయి. కొన్నింటికి అంచు లేదు. ఎలుక కొరికిన అప్పడాల్లా ఉన్నాయి.

"ఏదో తింటన్నట్టు లేదూ?" అన్నాడాయన.

సత్యవేణి చేతిలోని ముద్ద నోటిదాకా వెళ్ళలేదు. కంచంలోనే చెయ్యి కడిగేసింది. పులుసు బాగాలేదేమోనని పాపాయమ్మ కంగారుపడింది.

ఆ మధ్యాహ్నం తండ్రి వెంట నడక బల్ల దిగి దూలాల మధ్యకు వెళ్ళింది. అరుగు పొడవునా బిళ్ళలు. కొన్ని పైపైన ఉన్నాయి, కొన్ని బురదలో దిగబడ్డట్టు ఉక్కులోకి సగం దిగి ఉన్నాయి. వాటి చుట్టూ ఉక్కు నీలంగా, నున్నగా, నిన్న పోసినట్టు ఉంది. అయిదేళ్ళకు పైగా ఇసుక లారీలు తొక్కుతున్న వంతెన అది. ఆ బరువుకు దూలాలు లోలోపల సన్నగా చిట్లుతూనే ఉన్నాయి, ఆకలేసిన ప్రతిసారీ పక్కనున్నది తింటూనే ఉన్నాయి. వెతికితే ఒక్క గీత లేదు. ఆ ఆరోగ్యమే ఆమెకు నచ్చలేదు. మూలన రెండు దూలాలను కలుపుతూ అడ్డంగా బిగించిన చిన్న కొమ్మును విప్పించి సంచిలో వేసుకుని సాయంత్రం బస్సుకే విశాఖ వెళ్ళిపోయింది. ఆ బస్సు వంతెన మీదుగానే వెళ్ళింది. పక్క సీటు ముసలమ్మ కిటికీలోంచి బిళ్ళ వేసి దణ్ణం పెట్టుకుంది.

జీవ ఉక్కును వంతెనకు పనికొస్తుందని తేల్చే ముందు ఆమె ఎన్నిటితో పరీక్షించిందో లెక్కలేదు. ఉప్పునీళ్ళు పోసింది, పిట్టల రెట్ట పూసింది, డీజిలు, పేడ, చేపల నీచునీళ్ళు, కల్లు కూడా పోసి చూసింది. వంతెన మీద ఒలికేవన్నీ పరీక్షించాం అని గర్వంగా చెప్పుకునేది. నాణెం మాత్రం తట్టలేదు. చిన్నప్పుడు తండ్రి వేలు పట్టుకుని పంటు అంచున నిలబడి నాణేలు వేసిన పిల్లే, ఆమెకే తట్టలేదు. పంటు మీంచి వేసిన నాణెం నీళ్ళలోనే పడుతుంది. గోదారమ్మకు వేసింది దారిలో ఇనుము నోట పడుతుందని గోదారి మనిషికి ఎట్లా తోస్తుంది? పై ఊరివాడెవడైనా ఆ పరీక్షల బల్ల దగ్గర ఉంటే అడిగేవాడేమో.

కొమ్మును సాగదీసే యంత్రంలో బిగించారు. మంచి ఉక్కైతే పాకం తీగలా సన్నబడి, సాగి, అప్పుడు తెగాలి. ఇది మోయాల్సిన బరువులో మూడో వంతు దగ్గర పుటుక్కుమంది. సాగలేదు, వంగలేదు. తెగిన ముఖాన్ని భూతద్దం కింద పెడితే లోపలి రేణువు రేణువుకూ మధ్య ఎర్రటి దారాలు అల్లుకుని ఉన్నాయి. పగులు పూడింది, కానీ పూడిన చోటల్లా రాగి. చూపుకు అతుకు, బలానికి కాదు.

నరహరి గారు రిటైరయ్యాడు అప్పటికి. కబురు పెడితే ఆటోలో వచ్చాడు. అద్దంలోంచి చూసి, తల ఎత్తి, నేను ముందే చెప్పాను అనలేదు. అనుంటే ఆమెకు కాస్త సుఖంగా ఉండేది.

"బయటికి లాగే దారి ఉందా?" అని మాత్రం అడిగాడు.

కాల్చి చూశారు. ఆమ్లంలో ముంచారు. మేతముద్దలో పాతిపెట్టి చూశారు. రాగి రాలేదు. పైగా కాల్చిన ముక్క చేతిలోనే విరిగింది.

సత్యవేణి ఆ ముక్కలు పట్టుకుని జోసెఫ్ రత్నం గారి ఆఫీసుకు వెళ్ళింది.

"ఎక్కడమ్మా పగులు?" అన్నాడాయన. "నాకు ఒక్క పగులు చూపించు, ఇప్పుడే మూసేస్తాను. మంత్రిగారికి ఫొటో ఏం పంపను? కొత్త పెళ్ళికొడుకులా ఉంది వంతెన."

"పగులు ఉండదండీ. దాని జబ్బే అది."

ఆయన విరిగిన ముక్క చేతిలోకి తీసుకుని బల్ల అంచుకు మెల్లిగా కొట్టాడు. ఇంకో ముక్క ఊడి కిందపడింది.  ఆ తర్వాత ఆయనను ఎవరెన్ని అన్నా, ఆ సాయంత్రమే కాకరలంక వంతెనకు అడ్డంగా గోడ కట్టించిన మనిషి ఆయనే. ఆ గోడ లేకపోతే ఎంతమంది పోయేవారో ఎవరికి తెలుసు. జరగని చావులకు దణ్ణం పెట్టేవాళ్ళు ఉండరు.

లంక అట్టుడికింది. పంటు లేదు, సరంగులు తలో దిక్కుకూ పోయారు. అరటిగెలలు రేవులో మగ్గిపోయాయి. పాలు విరిగాయి. ఒక చంటిబిడ్డకు జ్వరమొస్తే చేపల నావలో దాటించారు. జనం త్రిమూర్తులు ఇంటి ముందు చేరారు. వాళ్ళలో అరటితోట ఆసామి ఒకడు గొంతు పెంచాడు.

"మీ అమ్మాయే కట్టిత్తాది, మీ అమ్మాయే మూయిత్తాది. మేవేమన్నా ఆటబొమ్మలమా మూర్తులూ? ఎక్కడన్నా బీట ఉందా, మచ్చ ఉందా? అద్దంలా ఉంది కదయ్యా."

త్రిమూర్తులు అందరికీ మంచినీళ్ళు ఇప్పించి, అంతా విన్నాడు. వాళ్ళు వెళ్ళాక సత్యవేణి ఆఫీసుల చుట్టూ తిరిగి అలసిపోయి నావలో ఇంటికొచ్చింది. ఆయన ఇంటి అరుగు మీద రాగి రేకు పరుచుకుని కూర్చున్నాడు. కత్తెర చేతిలోనే ఉంది, కత్తిరించడం లేదు.

"సత్తేణీ, నిజం సెప్పు. నా బిళ్ళల వల్లేనా?"

అబద్ధం చెప్పడానికి ఎన్ని దారులైనా ఉన్నాయి. వరదలు అనొచ్చు, ఇసుక లారీలు అనొచ్చు, నా లెక్క తప్పింది నాన్నా అనొచ్చు. ఆ చివరిది అబద్ధం కూడా కాదు. కానీ పొద్దుటినుంచి కనబడ్డ అధికారికల్లా ఒకే మాట చెప్పీ చెప్పీ ఆమె నాలుక దానికే అలవాటుపడిపోయింది.

"రాగి వల్ల నాన్నా. తప్పు నీది కాదు, నాది. రాగి పడుతుందని నేను అనుకోవాల్సింది."

ఆయన మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. తర్వాత చెప్పింది చెవిన పడ్డట్టు లేదు.

"తీసేత్తే?"

"ఏం తీసేస్తే?"

"బిళ్ళలు. ఉన్నయ్యన్నీ గీకి ఏరేత్తే ఆగుద్దేమో?"

"లాభం లేదు నాన్నా. ఇప్పటికే లోపలికి పోయింది. పులుసులో ఉప్పెక్కువైతే మళ్ళీ ఏరగలమా?"

"మీ అమ్మ పిండిముద్ద ఏత్తాది కదే. లాగేసుద్ది."

"ఇది పులుసు కాదు నాన్నా."

ఆయన తలాడించాడు. కూతురు చదువుకున్న మనిషి అని ఆయన ఎప్పుడూ ఎదురుచెప్పేవాడు కాదు. అర్థమైందనుకుంది ఆమె. రాగి రేకు చుట్టచుట్టి చూరులో పెట్టేశాడు కదా, వదిలేశాడు అనుకుంది. పాపాయమ్మ లోపలినుంచి అన్నానికి పిలిచింది. ముగ్గురూ కూర్చుని తిన్నారు. ఆయన మజ్జిగ రెండుసార్లు పోయించుకున్నాడు.

దిగువన వేరే రేవులో పాత పంటు ఒకటి పడుందని తెలిసి, దాన్ని కాకరలంకకు రప్పించే పనిలో పడింది సత్యవేణి. ఒకరు సంతకం పెడితే ఇంకొకరు లేరు. చివరికి జోసెఫ్ రత్నం గారే తన పూచీ మీద ఇప్పించాడు. పంటు బయల్దేరితే ఆమె కూడా ఎక్కింది. చాలా రోజుల తర్వాత ఒక పని జరిగింది. రేవులో పంటును చూసి నాన్న ముఖం ఎలా ఉంటుందో, సరంగు పక్కకు వెళ్ళి చుక్కాని లాక్కుంటాడేమో అని ఊహించుకుంటూ నిలబడింది.

మిట్టమధ్యాహ్నం ఎండ. మలుపు తిరగ్గానే వంతెన కనిపించింది. ఖాళీగా, నీలంగా, నీళ్ళ మీద నీడ పరుచుకుని ఉంది. ఎంత అందంగా ఉంది అని ఒక్క క్షణం ఆమెకే అనిపించింది. తర్వాత నడిమి దూలాల మధ్య ఎర్ర తువ్వాలు కనిపించింది. ఆ తువ్వాలు ఆమె కొన్నదే.

ఆయన అరుగు మీద గొంతుకూర్చుని ఉన్నాడు. నడుముకు సంచి. చేతిలో గునపం. ఉక్కులో దిగబడ్డ బిళ్ళలను పెకలిస్తున్నాడు. ఆమె అరిచింది. పంటు ఇంజను చప్పుడులో ఆ అరుపు ఆమెకే వినపడలేదు. ఇంజను ఆపమని సరంగు భుజం పట్టి కుదిపింది. ఇంజను ఆగింది. నది మీద నిశ్శబ్దంలో గునపం దెబ్బ టంగుమని వినపడింది. "నాన్నా" అని ఆమె మళ్ళీ పిలిచింది. ఆయన తలెత్తాడు. పంటును చూశాడు. చెయ్యెత్తి ఊపాడు, ఎప్పుడూ రేవులో ఊపినట్టే. ఆ చెయ్యి దించి ఇంకో దెబ్బ వేశాడు.

వంతెన మూలగలేదు. కిర్రుమనలేదు. వంగలేదు. నడిమి భాగం రెండు చివరలా కత్తిరించినట్టు విడిపోయి, తిన్నగా, బల్లపరుపుగా కిందికి వెళ్ళిపోయింది. చప్పుడంతా నీళ్ళదే. లేచిన అల వచ్చి పంటును పైకెత్తి దించింది. అల సర్దుకున్నాక చూస్తే ఆకాశం మధ్యలో ఖాళీ తప్ప ఏమీ లేదు.

లంక నావలన్నీ వెతికాయి. పొద్దుగుంకే ముందు దొరికాడు. ఒంటి మీద పెద్ద దెబ్బేమీ లేదు. పుట్టిందగ్గర్నుంచీ గోదారిలో ఈదిన మనిషి. నడుముకు కట్టుకున్న బిళ్ళల సంచి బరువుకే పైకి రాలేకపోయాడని తీసినవాళ్ళు చెప్పారు. ముడి నీళ్ళకు బిగిసిపోయి కత్తితో కొయ్యాల్సి వచ్చింది. సంచి మూతిదాకా నిండి ఉంది. పాపాయమ్మ ఆ సంచిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రేవు చివరికి మోసుకెళ్ళి, గట్టు మీంచి మొత్తం గోదారిలో కుమ్మరించేసింది. "తీసుకో, నీ సొమ్మంతా ముట్టిందా" అంది. ఆ మాట విన్నవాళ్ళెవరూ ఆమె వంక చూడలేకపోయారు.

విచారణ సంఘం వేశారు. నలుగురు పెద్దమనుషులు, చదువుకున్నవాళ్ళే, సత్యవేణి చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. జీవ ఉక్కుతో రాష్ట్రంలో ఇంకా పదకొండు వంతెనలు ఉన్నాయి, అన్నిటినీ వెంటనే మూసెయ్యాలని ఆమె బతిమాలింది. వాళ్ళలో పెద్దాయన చాలా మెత్తగా మాట్లాడాడు.

"చూడమ్మా. ఇక్కడ రాగి పడింది. ఎందుకు పడింది? అమ్మేవాళ్ళు ఉన్నారు కనుక. ఆపైన మూసేసిన వంతెనలో ఒకాయన దిగి గునపంతో కొట్టాడు. నిన్ను బాధపెట్టాలని కాదు. మిగతా వంతెనల దగ్గర మీ నాన్నగారు లేరు కదా."

"అన్ని నదుల మీదా జనం నాణేలు వేస్తారండీ. అయిదు రూపాయల బిళ్ళలో ఉన్నదీ రాగే."

"దానికి తగిన చర్యలు తీసుకుంటాం."

తీసుకున్నారు. నాణేలు వేయరాదు అని ప్రతి వంతెనకూ బోర్డు పెట్టారు. వేసినా దూలాల మీద పడకుండా అడుగున వలలు కట్టారు. ఆ వలలు ఇనుప తీగతో అల్లినవి, వాటిని బిగించింది దూలాలకే. నాణేలు వాటిలో దూలాలకు ఆనుకుని గుట్టలు పడ్డాయి. నివేదికలో త్రిమూర్తులు పేరు రెండుచోట్ల వచ్చింది, సత్యవేణి పేరు ఒక్కచోటా రాలేదు. జోసెఫ్ రత్నం గారిని ఎక్కడో కొండల్లోకి బదిలీ చేశారు. నరహరి గారు మంచం పట్టాడు. పదకొండు వంతెనల మీదా బస్సులు తిరుగుతూనే ఉన్నాయి. ఆమె ఉత్తరాలు రాసింది, గుమ్మాల్లో కూర్చుంది, పేపరువాళ్ళను పిలిచింది. వాళ్ళు వచ్చి వంతెనల ఫొటోలు తీసుకున్నారు. ఫొటోల్లో అవి మెరిసిపోయాయి.

పాపాయమ్మను విశాఖ తెచ్చేసుకుంది. తల్లీకూతుళ్ళు ఒకే ఇంట్లో ఉన్నా ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు. మాట్లాడితే ఆ పేరు వస్తుందని ఇద్దరికీ భయం. ఒకరోజు పాపాయమ్మే కదిపింది.

"ఆ ఇనుము మీ కాడే ఉందంట కదా."

"ఉందమ్మా. నడిమి దూలం విరిగిన చోటు, రెండు ముక్కలు. విచారణ కోసం తెచ్చారు."

"నన్నోసారి తీసుకెళ్ళు. ఎక్కడ విరిగిందో సూత్తాను. ఆయన్ని మింగిన సోటు నా కళ్ళతో నేను సూడాలి."

సత్యవేణి వద్దనలేకపోయింది. సెలవురోజు ప్రయోగశాలకు తీసుకెళ్ళింది. వెనక గదిలో పొడవాటి ఇనుప బల్ల మీద దుప్పటి కప్పి ఉంది. విచారణవాళ్ళు ఫొటో తీసుకోవడానికి రెండు ముక్కలనూ అంచుకు అంచు ఆనించి పెట్టి, అలాగే వదిలి వెళ్ళారు. ఆ తర్వాత ఎవరూ ఆ గదిలోకి రాలేదు. చూడాల్సిన పని ఎవరికీ లేదు మరి.

సత్యవేణి దుప్పటి తీసింది.

బల్ల మీద ఒకటే దూలం ఉంది.

ఆమె ఆ చివరినుంచి ఈ చివరిదాకా వేలితో తడుముతూ వచ్చింది. మళ్ళీ వెనక్కి తడుముకుంటూ వెళ్ళింది. గోటితో గీకింది. దీపాన్ని దగ్గరికి లాగి, వంగి, పక్కనుంచి చూసింది. గీత లేదు, మరక లేదు.

"ఏదే? ఎక్కడ విరిగింది?" అంది పాపాయమ్మ.

 తన చేతులతో తయారుచేసిన ఉక్కులో తన తండ్రి చచ్చిన చోటు ఏదో సత్యవేణికే తెలియడం లేదు.

"ఇక్కడే ఎక్కడో అమ్మా," అంది చివరికి.

పాపాయమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, ముందుకు వచ్చి, కూతురు చూపించిన వైపు అరచెయ్యి ఆనించింది. ఉక్కు చల్లగా, నున్నగా ఉంది. అక్కడ చెయ్యి తీసి ఇంకాస్త పక్కన పెట్టి చూసింది.